మేకులు ఏరిన పెద్దమనిషికి, ఆ వారమంతా మా ఇంటికి వచ్చిన అందరికీ

2019 అక్టోబర్ 20 ఆదివారం రాత్రి టోర్నడో (సుడిగాలి) మా వీధి మీదుగా వెళ్ళి నేటికి 12 రోజులు. ఫోను చేసినవారికి, వండి తెచ్చినవారికి, చీపురు పట్టి గాజు పెంకులు ఊడ్చినవారికి ఒక్కొక్కరికీ స్వయంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలనుకున్నాను. పైకప్పు పనులు, బీమా కాగితాలతో ఇన్నాళ్ళూ కుదరలేదు. ఇంకా ఆలస్యం చేస్తే నాకే మనసొప్పదు.

మేముండేది అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌ను ఆనుకుని ఉన్న రిచర్డ్‌సన్‌లో. ఆ రాత్రి తొమ్మిది కావస్తుండగా వాయవ్య డాలస్‌లో నేలను తాకిన టోర్నడో, ప్రెస్టన్ రోడ్డు, రాయల్ లేన్ కూడలిలోని దుకాణాలనూ, థామస్ జెఫర్సన్ హైస్కూలునూ దెబ్బతీసి, సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే దాటి మా వైపు వచ్చింది. దాదాపు 25 కిలోమీటర్ల దారి. గాలి వేగం ఒక దశలో గంటకు 225 కిలోమీటర్లకు చేరిందని, తీవ్రత ఇఎఫ్-3 (టోర్నడోలను 0 నుంచి 5 దాకా కొలిచే కొలమానంలో 3) అని వాతావరణ అధికారులు తేల్చారు. ఇన్ని ఇళ్ళ మీదుగా వెళ్ళినా డాలస్‌లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అదే సోమవారం పగలు వచ్చి ఉంటే బడి నిండా పిల్లలుండేవారు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా చేతులు వాటంతట అవే జతకూడుతున్నాయి.

నేను విశాఖలో పుట్టి పెరిగినదాన్ని. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అమ్మావాళ్ళు రోజుల ముందే బియ్యం, కొవ్వొత్తులు తెచ్చుకుని, నీళ్ళు పట్టి ఉంచుకున్నారు. టోర్నడో అంత వ్యవధి ఇవ్వదు. సైరన్ మోగేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పుడు ఫోను చేసింది పక్కింటి పెద్దాయన. "కిటికీలు లేని గదిలోకి వెళ్ళండి. పిల్లల తలకు సైకిల్ హెల్మెట్లు పెట్టండి. అందరూ బూట్లు వేసుకోండి" అన్నారు. బూట్లు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. బట్టలు పెట్టుకునే చిన్న గదిలో ఐదుగురం ఒకరి మీద ఒకరం ఒదిగి కూర్చున్నాం. చెవులు దిబ్బడ వేశాయి. అమ్మ ఆంజనేయ దండకం సగంలో ఆపేసింది, ఆ హోరులో తన గొంతు తనకే వినపడక. బయటికి వచ్చేసరికి హాలంతా గాజు ముక్కలు. పెద్దాయనా, మా పిల్లల పాదాలకు ఒక్క గీత కూడా పడలేదు. అది మీ చలవే.

చీకట్లో అగ్నిమాపక సిబ్బంది ఇంటింటి తలుపూ తట్టి, లోపల ఎంతమంది ఉన్నారు, గ్యాసు వాసన వస్తోందా అని అడిగి వెళ్ళారు. మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. తెల్లారాక చూస్తే పెరట్లో పెకాన్ చెట్టు వేళ్ళతో సహా పడి ఉంది. అటకలో పరిచే గులాబీ రంగు గాజుపీచు తడి గోడలకూ కొమ్మలకూ పీచుమిఠాయిలా అంటుకుపోయింది. అమ్మ తీయబోతే ఎదురింటావిడ పరుగున వచ్చి, ఒంటికి తగిలితే దురద పెడుతుందని సైగలతో చెప్పి, తన చేతి తొడుగులు విప్పి అమ్మకు తొడిగింది.

ఆ రాత్రి లక్షకు పైగా ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది. మాకు వచ్చిన పెద్ద చిక్కు అమ్మ ఇన్సులిన్. ఆరు నెలలకు సరిపడా తెచ్చుకుంది. వాడుతున్న సీసా బయట ఉండవచ్చు గానీ, తెరవనివన్నీ చల్లగా ఉండాల్సిందే. సంగతి తెలిసి దగ్గర్లోని ప్లేనో ఊరి నుంచి అక్క ఐసుపెట్టెతో వచ్చింది. సీసాలను తువ్వాలులో చుట్టి, ఐసుకు నేరుగా తగలకుండా సర్దింది. గడ్డకడితే మందు పనికిరాదట. ఆ సంగతి నాకు తెలియదు, నేనైతే తిన్నగా ఐసులోనే పెట్టేసేదాన్ని. వెళుతూ వెళుతూ పులిహోర, చారు మా బల్ల మీద పెట్టి వెళ్ళింది. కరెంటు వచ్చేదాకా రోజూ ఏదో ఒకటి వచ్చేది. స్తంభాల మీద రాత్రింబవళ్ళు పనిచేసిన లైన్‌మెన్‌కు అమ్మ ఆ పులిహోరే పెట్టబోయింది. వాళ్ళు నవ్వి, రెండు ముద్దలు తిని, మళ్ళీ పైకెక్కారు.

రంపాలతో వచ్చి చెట్టు కోసి, ముక్కలు రోడ్డు పక్కన పేర్చి, డబ్బు ముట్టని కుర్రవాళ్ళకు కూడా మా దండాలు. మీరు చర్చి తరఫున వచ్చామన్నారు, ఏ చర్చో అడగనే లేదు.

ఇక నేను మరీ మరీ చెప్పుకోవలసినది మేకులు ఏరిన పెద్దమనిషి గురించి. ఇంటి పైకప్పులు లేచిపోతే వాటికి కొట్టిన పొట్టి మేకులు వేల కొద్దీ గడ్డిలో పడతాయి. కంటికి కనపడవు, కాలికే తెలుస్తాయి. ఆయన చక్రాలున్న అయస్కాంతపు కర్ర ఒకటి తోసుకుంటూ ఆ వారమంతా సాయంత్రాలు మా వీధికి వచ్చారు. ఒక్కో ఇంటి ముందూ అడ్డంగా, నిలువుగా నడిచేవారు. అప్పుడప్పుడూ ఆగి, అంటుకున్న మేకులను డబ్బాలోకి దులిపేవారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పురమాయించలేదు. సరిగ్గా వారానికి దీపావళి. ఇంటి మీద ఇంకా నీలం టార్పాలినే ఉంది, అయినా గడప దగ్గర నాలుగు ప్రమిదలు వెలిగిద్దామని అమ్మ పట్టుబట్టింది. మేం ప్రమిదలు సర్దుతుంటే ఆయన వచ్చి, పిల్లలు ఎక్కడ నిలబడతారని అడిగారు. చూపిస్తే, ముందు రోజే ఊడ్చిన ఆ చోటునే మళ్ళీ ఊడ్చారు. ఇంకో మూడు మేకులు దొరికాయి. పేరు చెప్పకుండానే వెళ్ళిపోయారు. తెల్ల గడ్డం, ఆకుపచ్చ టోపీ. ఆయన ఇల్లు ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి, అమ్మ స్వయంగా వెళ్ళి పలకరించాలంటోంది.

ప్లేనో అక్కా, నీ మూడు డబ్బాలూ, చారు తెచ్చిన స్టీలు గిన్నే మా దగ్గరే ఉన్నాయి. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మ ఈ ఉదయం నుంచి రవ్వలడ్లు చుడుతోంది. శనివారం ఇంట్లోనే ఉండు, వస్తున్నాం.