హాలు సోడా కొట్టు అడ్రసు మారుతోంది

ముందుగా క్షమాపణ. పోయిన నెల మన విజయనగరం దాసన్నపేటలో ఒక పెళ్లికి మేమిచ్చిన 200 గోలీ సోడాల్లో చాలావాటికి గ్యాసు నిలవలేదు. తప్పు మాదే. గ్యాసు తోస్తే గోలీ పైకొచ్చి సీసా మూతిలోని రబ్బరు వాషరును కరుచుకోవాలి. ఆ వాషర్లు ఎండి పగిలిపోయాయి, మేం చూసుకోలేదు. తెల్లారేసరికి సీసాల్లో ఉత్త నీళ్లే. పెళ్లివారికి డబ్బు తిరిగిచ్చేశాం, వాషర్లన్నీ మార్చాం. ఆ ఖర్చుతో ఈ నెల నుంచి సోడా 10 కాదు, 15 రూపాయలు.

ఇక రెండో సంగతి. పైడితల్లమ్మ సిరిమాను పండగ అయ్యాక కొట్టు మారుస్తున్నాం. పండగ మంగళవారం మాత్రం పాత చోటే ఉంటాం. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఏటా అక్కడే వెతుక్కుంటారు.

మా బోర్డు మీద ‘సినిమా హాలు ఎదురుగా’ అని ఉంటుంది. ఎదురుగా హాలు ఏది? పడగొట్టి షాపులు కట్టేశారు. హాలు పక్క సందుకి అడ్డంగా గోడ లేచింది. డెలివరీ కుర్రాళ్లు ఫోన్ చేసి "సార్, ఏ హాలు?" అంటారు. మొన్న ఒక గుంటడు అంబటిసత్రం చుట్టూ మూడుసార్లు తిరిగి, చివరికి ఆర్డరు క్యాన్సిల్ చేశాడు. వాడిని ఏమని తిడతాం!

ఆ హాలే మాకు అన్నం పెట్టింది. మన మ్యూజిక్ కాలేజీలో చదువుకున్న ఘంటసాల పాటతో తెర లేచేది. పాట వినపడగానే నాన్న సైకిల్ స్టాండుకి వెళ్లి సైకిళ్లు లెక్కపెట్టేవాడు. ఎన్ని సైకిళ్లుంటే దాన్నిబట్టి అన్ని సోడాలు కొట్టేవాడు. రీలు ఒక్కోటి ఇరవై నిమిషాలు. నాలుగోది ఎక్కిందంటే ఇంటర్వెల్ దగ్గరపడ్డట్టే. నేల టికెట్టు జనం ముందు బయటపడేవారు, వాళ్లకే దాహం ఎక్కువ. బాల్కనీ వాళ్లకి నేనే బుట్టలో పట్టుకెళ్లేవాణ్ని. వాళ్లలో సగంమంది సీసా సీటు కిందే వదిలేసేవారు. ఆట అయ్యాక చీకట్లో తడుముకుని ఏరుకునేవాణ్ని. ఆపరేటరు కిటికీలోంచి పారేసిన, ప్రొజెక్టరు దీపంలో కాలగా మిగిలిన కార్బన్ పుల్లల ముక్కలు కూడా ఏరేవాళ్లం. వాటితో అరుగు మీద గీస్తే నల్లగా పడేది. ఆ గీతలకి అమ్మ చేతిలో తన్నులు తిన్నాను.

కొత్త కొట్టు అదే రోడ్డులో, గంటస్తంభం వైపు నాలుగు అడుగులు ముందుకి. అద్దె ఎక్కువే, కాస్త టెన్షన్‌గానే ఉంది. పేరు కూడా మార్చమని మా అబ్బాయి గొడవ. ఒక పాత బేరం ఆయనైతే "ఏటి బాబూ, హాలు లేదు, ఇంకా హాలు సోడా ఏటి?" అని నవ్వాడు. మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో తీసేశారు. అయినా ఆటో ఎక్కి మూడు లాంతర్లు అంటే నేరుగా అక్కడే దింపుతాడు కదా. పేరు మార్చడం లేదు.

ఒక్క మాట. మీ అటకల మీద మా గోలీ సీసాలు ఉండే ఉంటాయి. ఎప్పటివైనా సరే, తెచ్చివ్వండి. సీసాకి ఒక సోడా ఉచితం. నిమ్మకాయ పిండమంటే దానికి 5 రూపాయలు వేరే.