ఖుక్రీ నమూనా, పేర్ల పలక: సాయం చేసినవారికి కృతజ్ఞతలు

ఐఎన్‌ఎస్ ఖుక్రీ (1971 యుద్ధంలో మునిగిన మన యుద్ధనౌక) నమూనా ఓడ, తెలుగు వివరాల పలక పూర్తయ్యాయి. పేర్లు బయటపెట్టవద్దన్నారు గానీ, ముగ్గురికి ఇక్కడ దండం పెట్టకుండా ఉండలేం.

ముందుగా, నౌకాదళ సోనార్ (నీళ్లలో ధ్వనితో జలాంతర్గాముల్ని పసిగట్టే పరికరం) విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయనకు. 1971 డిసెంబరు 9 రాత్రి దీవ్ దగ్గరి సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ఖుక్రీని ముంచింది. మా మొదటి ప్రతిలో "ఓడ దాన్ని పసిగట్టలేకపోయింది" అని రాసి ఊరుకున్నాం. అది ఓడలోనివాళ్ల తప్పులా వినిపిస్తోందని ఆయన ఆపారు. పైనీళ్లు వెచ్చగా, కిందినీళ్లు చల్లగా ఉంటే సోనార్ ధ్వని కిందికి వంగిపోతుంది, దూరం పోదు. జలాంతర్గామికి మాత్రం చప్పుడు చేయకుండా వింటూ ఉంటే చాలు, ఓడ ప్రొపెల్లర్ మోత ఎంతో దూరం నుంచే అందుతుంది. ఖుక్రీ మీదున్న, జలాంతర్గాముల మీదికి బాంబులు విసిరే లింబో మోర్టార్ 900 మీటర్లు దాటి కొట్టలేదు, టార్పెడో కిలోమీటర్ల దూరం నుంచే వస్తుంది. ఖుక్రీకి తోడుగా ఉన్న మన మరో ఓడ కిర్పాణ్ మీదికి వదిలిన మొదటి టార్పెడో పేలలేదు. ఖుక్రీకి తగిలింది పేలింది, ఓడ నిమిషాల్లో మునిగింది. ఇదంతా ఇప్పుడు పలక మీద ఉంది.

నమూనా చేసిన తమ్ముడికి రెండో దండం. అసలు ఓడ పొడవు దాదాపు 94.5 మీటర్లు, నూరో వంతుకు తగ్గిస్తే 94.5 సెంటీమీటర్లు. మేం పంపిన ఫొటోల్లో సగం వేరే ఓడవని పట్టుకున్నది అతనే. అవి పీ49 నంబరు చిన్న యుద్ధనౌకవి, అంటే కార్వెట్‌వి. అది ఇదే పేరుతో 1989లో నౌకాదళంలో చేరి, 2021 డిసెంబరులో మన విశాఖలోనే సేవ ముగించింది. ఇప్పుడు దీవ్‌లో ఉంది. 1971లో మునిగిన ఖుక్రీ నంబరు ఎఫ్149, అది ఫ్రిగేట్ రకం యుద్ధనౌక. అది ఇంకా సముద్రం అడుగునే ఉంది, లోపలివారికి అదే సమాధి.

అన్నిటికన్నా కష్టమైన పని పేర్లు. ఓడతో పాటు ప్రాణాలు పోయినవారు కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు. ఇంగ్లిష్ జాబితాలో 'టీహెచ్' కనిపిస్తే తమిళ, మలయాళ పేర్లలో అది సాధారణంగా 'త'. ఉత్తరాది పేర్లలో 'థ' కావచ్చు, 'ఠ' కావచ్చు. రిటైరైన తెలుగు మాస్టారు 194 పేర్లనూ ఆయా భాషలవాళ్లతో పలికించి, విని రాశారు.

ఒక్కో పేరునూ విడి రేకు మీద చెక్కించి రెండేసి మరలతో బిగించాం. అక్షరం తప్పు కనిపిస్తే చెప్పండి, ఆ రేకు మారుస్తాం.