స్టెమ్‌సెల్ ఇంజెక్షన్: బిల్లు మీద మందు పేరుందా?

సంపాదకులకు,

మోకాళ్లలో అరిగిన గుజ్జును ఆపరేషన్ లేకుండా స్టెమ్‌సెల్స్‌తో (మూలకణాలతో) మళ్లీ పెంచుతామంటూ ప్రకటనలు వస్తున్నాయి. వాటిని నమ్మి ఇంటి పొదుపంతా పోసేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన సంగతులు ఇవి.

మోకాలి అరుగుదలకు మన దేశంలో అనుమతి పొందిన స్టెమ్‌సెల్ మందు ఉంది. బెంగళూరులో తయారయ్యే స్టెమ్‌ప్యూసెల్‌కు 2022లో అనుమతి వచ్చింది, అదీ 2, 3 గ్రేడుల అరుగుదలకే (ఎక్స్‌రేలో కనిపించే తీవ్రతను బట్టి గ్రేడు ఇస్తారు, 4 అన్నిటికంటే ఎక్కువ). దాతల మూలుగ నుంచి ల్యాబ్‌లో పెంచిన రెండున్నర కోట్ల కణాలను కీలులోకి ఒకేసారి ఎక్కించి, వెంటనే కీలు జారుడుకు వాడే హైలురోనిక్ యాసిడ్ ఇస్తారు. మూడో దశ పరీక్షలో ఏడాది వరకు నొప్పి, బిగుసుకుపోవడం తగ్గాయి. గుజ్జు మరింత చెడకుండా నిలిచినట్టు ఎంఆర్‌ఐలో కనిపించింది. పోయిన గుజ్జు తిరిగి మొలవడం మాత్రం వేరే మాట.

చాలాచోట్ల అమ్ముతున్నది ఈ మందు కాదు. తుంటి ఎముక నుంచి మూలుగ లాగి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అప్పటికప్పుడే మోకాలికి ఎక్కిస్తారు. అందులో లక్ష కణాలకు పనికొచ్చే మూలకణాలు ఒకటి నుంచి పది మాత్రమే. చేతి రక్తంతో చేసే పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ప్లాస్మా) ఇంజెక్షన్‌లోనైతే ఉండేవి ప్లేట్‌లెట్లు. దాన్ని స్టెమ్‌సెల్ అని అమ్మడం పచ్చి మోసం. 2023లో 'నేచర్ మెడిసిన్'లో వచ్చిన అమెరికా పరీక్షలో సుమారు 480 మందిని పరిశీలించారు. మూలుగ, కొవ్వు, బొడ్డుతాడు కణాల్లో ఏదీ ఏడాది తర్వాత మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను మించలేదు.

ఎక్స్‌రే నిలబెట్టే తీయించుకోండి. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి గ్రేడు తప్పుతుంది. 4వ గ్రేడులో ఎముక, ఎముక రాసుకుంటున్నప్పుడు ఈ ఇంజెక్షన్‌కు డబ్బు పోయడం వృథా. మందు పేరు, బ్యాచ్ నంబరు బిల్లు మీద రాయమనండి. ఇది ప్రయోగం అంటే సీటీఆర్‌ఐ (మన దేశంలో మందుల ప్రయోగాలను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగండి. ఇంజెక్షన్ తర్వాత జ్వరం వచ్చినా, కీలు ఎర్రబడి కాలు కదపలేకపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. చీము పడితే ఉన్న గుజ్జు కూడా రోజుల్లోనే కరిగిపోతుంది, తర్వాత కీలు మార్పిడీ కష్టమవుతుంది.

తొడ కండరాల వ్యాయామానికి పైసా ఖర్చు లేదు. ఒంటి బరువు కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఇది ఎవరూ ప్రకటనల్లో చెప్పరు.

రోగులను ఆకర్షించే ప్రకటనలు ఇవ్వకూడదని వైద్యుల నియమావళి 2002లోనే చెప్పింది. రెండు రాష్ట్రాల వైద్య మండళ్లు, ఔషధ నియంత్రణ అధికారులు ఈ క్లినిక్‌లను తనిఖీ చేయాలి. మీ పత్రిక కూడా ఇలాంటి ప్రకటన తీసుకునే ముందు ఎక్కించే మందు పేరు, దాని అనుమతి పత్రం అడగాలని కోరుతున్నాం.

– కొందరు ఎముకలు, కీళ్ల వైద్యులు, వరంగల్