నాలుగు పెడితే ఒక్కటే కనిపిస్తోంది!

ఎడిటర్ గారికి,

మా బెజవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల కంప్యూటర్లలో ఖాళీ అనేదే ఉండదు, అందుకే ఇప్పుడు చాలామంది 4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు (వేగంగా పనిచేసే చిన్న స్టోరేజ్ డ్రైవ్‌లు) పట్టే, మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చే పీసీఐఈ కార్డులు కొంటున్నారు. మంచిదే. కానీ అమ్మేవాళ్లు అసలు సంగతి చెప్పట్లేదు. ఒక్కో డ్రైవ్‌కి 4 లేన్లు (డేటా వెళ్లే దారులు), అంటే మొత్తం 16 కావాలి. చవక కార్డులో ఆ లేన్లని డ్రైవ్‌లకి పంచే స్విచ్ చిప్ ఉండదు కాబట్టి ఆ 16ని నాలుగేసి చొప్పున విడగొట్టే పని మదర్‌బోర్డే చెయ్యాలి, దాన్నే బైఫర్కేషన్ అంటారు, బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ఆ ఆప్షన్ లేకపోతే నాలుగూ బిగించినా ఒక్కటే కనిపిస్తుంది. మా ఫ్రెండ్‌కి ఇదే జరిగింది. షాపులో అడిగితే "మీ ఎస్‌ఎస్‌డీలే పోయాయి సార్, కొత్తవి తీసుకోండి" అన్నారట!

ఇంకో తిరకాసు ఏంటంటే, చాలా మామూలు బోర్డుల్లో రెండో పొడవాటి స్లాట్ చూడ్డానికే 16 లేన్లది, లోపల ఉండేవి 4 లేన్లే. మొదటిదాంట్లో గ్రాఫిక్స్ కార్డు కూర్చుంటుంది, మరి ఈ ఎస్‌ఎస్‌డీల కార్డు ఎక్కడ పెట్టాలి? స్విచ్ చిప్ ఉన్న కార్డుకి బైఫర్కేషన్ గొడవ లేదు గానీ రేటు బాగా ఎక్కువ.

అమ్మే ముందు బోర్డు మోడల్ ఏంటని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రాయడం మాత్రం ఎవరూ మర్చిపోవట్లేదు.

– ఒక పాఠకుడు, విజయవాడ