ఉప్పునీటి తొట్టెలో ఏ చేపకు ఏది తోడు?

సంపాదకులకు నమస్కారం.

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలనుకునేవారికి దుకాణాల్లో రంగు చూపి చేపను అమ్ముతున్నారే తప్ప, అది ఎంత పెరుగుతుందో, ఏం తింటుందో, పక్క చేపను బతకనిస్తుందో లేదో చెప్పేవారు అరుదు. వేలెడంత ఉన్నప్పుడు కొన్న బ్లూ టాంగ్ పెరిగితే 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఈదడానికి చోటు చాలని తొట్టెలో దానికి తెల్లమచ్చల జబ్బు ఇట్టే పట్టుకుంటుంది. లయన్‌ఫిష్ తన నోట పట్టే చేపనల్లా మింగేస్తుంది. చౌకగా దొరికే డామ్సెల్ చేపల సంగతి మరీ విచిత్రం: రెండు మూడు అంగుళాలైనా లేని ఈ చేప ఒక రాతి సందును తనదిగా చేసుకుందంటే, తర్వాత వచ్చిన చేప తనకంటే పెద్దదైనా సరే, రెక్కలు చిరిగేలా తరుముతుంది. అందువల్ల సాధువైన వాటిని ముందు, కయ్యానికి కాలుదువ్వే వాటిని చివర వదలాలి. చిన్న తొట్టెకు ఒసెల్లారిస్ క్లౌన్ చేపల జంట, గోబీ అనే చిన్న చేప ఒకటి చాలు. ఆ క్లౌన్ చేపలైనా సముద్రంలో పట్టినవి కాక హేచరీలో పుట్టినవైతే మేలు. వాటిని పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏనాడో రూపొందించింది. అమ్మకందారులు ప్రతి తొట్టెపైనా చేప పూర్తి పరిమాణాన్ని, ఆహారాన్ని, దానితో పొసగని చేపల పేర్లను రాసి అతికించేలా మత్స్యశాఖ ఆదేశించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం