అల్మరాలో దొరికిన కాగితం

తెనాలి,
26 డిసెంబర్ 2024

బుజ్జీ,

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. తిరువనంతపురం ఫిల్మ్ ఫెస్టివల్ కబుర్లు చాలావరకు నీకు చెప్పేశాను. ఒక్కటి మాత్రం చెప్పలేకపోయాను. రెండుసార్లు మొదలుపెట్టి, "సరేలే, భోంచేశావా" అని మాట మార్చేశాను. కాగితం మీదైతే తప్పించుకోవడానికి ఉండదని రాయడానికి కూర్చున్నాను.

12వ తేదీ సాయంత్రం పొన్నూరు పిన్నీ నేనూ ఇక్కడ శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బాపట్లలో బాపట్ల పిన్ని, చీరాలలో చీరాల పిన్ని ఎక్కారు. స్టేషన్‌కి ఒకరు చొప్పున వచ్చి చేరుతుంటే గుంటూరులో మా హాస్టల్ గది మళ్ళీ నిండుతున్నట్టనిపించింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కలుస్తూనే ఉన్నాం గానీ, నలుగురం ఒకేచోట పడుకుని కబుర్లు చెప్పుకోవడం 1983 తర్వాత ఇదే. డిసెంబర్ కదా, బోగీ నిండా అయ్యప్ప స్వాములే. "మీరూ శబరిమలకేనా అమ్మా?" అని ఒక పెద్ద స్వామి అడిగితే, "కాదు స్వామీ, సినిమాలు చూడ్డానికి" అంది పొన్నూరు పిన్ని. ఆయన ఏమనుకుంటాడోనని నేను తల వంచుకున్నాను. ఆయన అటుకుల పొట్లం విప్పి నలుగురి చేతుల్లోనూ పోశాడు. మర్నాడు చెంగన్నూరులో వాళ్ళంతా దిగిపోయాక బోగీ బోసిపోయింది.

నువ్వు ఆన్‌లైన్లో కట్టిన డెలిగేట్ పాసులు తీసుకుని మెళ్ళో వేసుకున్నాం. 170కి పైగా సినిమాలు, 15 థియేటర్లు. ఏది చూడాలో తెలియక మొదటి పూట బుర్ర తిరిగిపోయింది. స్టేషన్ దగ్గర తంపానూర్‌లో కైరళి, శ్రీ, నిళా అని మూడు థియేటర్లు ఒకే ఆవరణలో ఉన్నాయి. ఎక్కువగా అక్కడే చూశాం. ఒకటి అయ్యాక ఇంకోదాని క్యూలో నిలబడితే సరిపోయేది. నా మోకాళ్ళకి అదే సుఖం.

టాగోర్ థియేటర్ దగ్గర క్యూలో మా ముందు ఒక ముసలాయన నిలబడ్డాడు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడట. ఏ ఊరని అడిగాడు. ఆంధ్రా అంటే మామూలుగా తలూపాడు. తెనాలి అనేసరికి మొహం వెలిగిపోయింది. "శారద!" అన్నాడు. అంతే, ఇక ఆగలేదు. 1965లో మలయాళ దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్, ఆయన స్నేహితులు కలిసి తిరువనంతపురంలో ఫిల్మ్ సొసైటీ పెట్టారట. ఆ సొసైటీ వాళ్ళు సహకార పద్ధతిలో తీసిన 1972 నాటి సినిమాలో, అంటే అడూర్ మొదటి సినిమాలో, నాయిక మన శారదే కదా! దానికి ఆవిడకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు ఇంకో మలయాళ సినిమాకీ వచ్చింది. మన ఊళ్ళో పుట్టిన మనిషి గురించి, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, నాకన్నా ఎక్కువ తెలిసిన మనిషి చెబుతుంటే నా కళ్ళు చెమర్చాయి. సినిమా పూర్తయ్యాక ఆయనే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి ఎలా ఉందని అడిగాడు. ఆ ఊళ్ళో ఎవర్ని చూసినా అంతే. చూసిన సినిమా గురించి ఎదుటి మనిషి ఏమనుకున్నాడో తెలుసుకోనిదే ఇంటికి వెళ్ళరు.

చీరాల పిన్ని సంగతి నీకు తెలుసుగా. డిగ్రీ మధ్యలో పెళ్ళయిపోయింది, ఇంగ్లీషు అలవాటు తప్పిపోయింది. మొదటి రోజు తెర కింద సబ్‌టైటిల్స్ చదవడానికి ఎంత కష్టపడిందో! సగం చదివేలోపు మాట మారిపోయేది. పక్కన కూర్చుని నేను చెవిలో చెబుతుంటే వెనకవాళ్ళకి ఇబ్బంది. రెండో రోజు పొద్దున లాడ్జిలోనే ఉండిపోతానంది. నువ్వు లేకుండా మేమూ వెళ్ళం అన్నాం. ఆ రోజు ఒక ఇరాన్ సినిమా చూశాం. ఒక తల్లి, కొడుకు. పిన్ని ఆ రోజు కింది అక్షరాల జోలికే పోలేదు. చూస్తూ కూర్చుంది.

తర్వాత తంపానూర్‌లో ఉన్న ఇండియన్ కాఫీ హౌస్‌కి వెళ్ళాం. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన ఎర్ర ఇటుకల బిల్డింగ్ అది, గుండ్రంగా మెలి తిరుగుతూ పైకి పోతుంది. మెట్లుండవు. ఏటవాలు దారి పొడవునా గోడకి ఆనుకుని బల్లలుంటాయి. తలపాగా కట్టిన సర్వరు మసాలా దోశ తెచ్చాడు, లోపల కూర బీట్‌రూట్‌తో ఎర్రగా ఉంది. చూసిన సినిమా గురించి ముగ్గురం తలో మాటా మాట్లాడుకుంటున్నాం. కొడుకు తప్పని నేను, కాదని బాపట్ల పిన్ని. చీరాల పిన్ని దోశ ముక్క చేత్తో పట్టుకుని అంది: "ఆవిడ కొడుక్కి అన్నం పెట్టేటప్పుడు రెండోసారి అడగలేదు, చూశారా? వెళ్ళిపోతాడని ఆవిడకి అప్పుడే తెలుసు." మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ప్రతి మాటా చదివిన మాకు కనబడనిది దానికి కనబడింది. నేనొక్కదాన్నే వెళ్ళి ఉంటే ఆ సినిమా నాకు సగమే అర్థమై ఉండేది. ఇంట్లో టీవీలో చూసినా అంతే.

ఇంక అసలు సంగతి.

మూడో రోజు రాత్రి నిశాగంధిలో చూశాం. కనకకున్ను ప్యాలెస్ తోటలో ఆరుబయట థియేటర్ అది. వాన కురిసి వెలిసింది, కుర్చీలు తడి. చీర కొంగుతో తుడుచుకుని కూర్చున్నాం. పక్కన మెట్ల మీద నలుగురు ఆడపిల్లలు, పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. మెళ్ళో పాసులు, మధ్యలో ఒకటే అరటికాయ చిప్స్ పొట్లం. తెర మీద ఏదైనా బాధ కలిగించేది వస్తే నలుగురి చేతులూ పొట్లంలోనే ఆగిపోయేవి. సినిమా అయ్యేసరికి పదకొండున్నర దాటింది. బయటికొచ్చి ఆటో కోసం నిలబడితే మా ముందు నుంచే ఆ పిల్లలు నడుచుకుంటూ వెళ్ళారు. ఒకమ్మాయి ఏదో సీను నటించి చూపిస్తోంది, మిగతావాళ్ళు రోడ్డు మీదే వంగిపోయి నవ్వుతున్నారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ వింతగా చూడలేదు. లైట్లున్న రోడ్డు, సినిమా నుంచి వెళ్ళే జనం, అంతే. పిన్ని ఆటో వచ్చింది రమ్మని పిలుస్తున్నా నేను కదల్లేకపోయాను. ఆ నలుగురిలో నువ్వు కనబడ్డావు.

2015లో నువ్వు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. నవంబర్లో గోవాలో ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది, నలుగురు ఫ్రెండ్స్‌మి వెళ్తాం అన్నావు. గుంటూరు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు కూడా తీసేసుకున్నారు. నేను వద్దన్నాను. ఆడపిల్లలు, అర్ధరాత్రి సినిమాలు, గోవా. ఎవరైనా వింటే ఏమనుకుంటారు అన్నాను. నువ్వు అరవలేదు, ఏడవలేదు. "సరే అమ్మా" అన్నావు. మిగతా ముగ్గురూ వెళ్ళారు. ఆ వారం రోజులూ నువ్వు హాస్టల్ నుంచి ఒక్కసారే ఫోన్ చేశావు.

నీకు తెలియనిది ఇంకోటుంది. 1986 జనవరిలో హైదరాబాద్‌లో ఫిల్మోత్సవ్ జరిగింది. అప్పట్లో ఒక ఏడాది ఢిల్లీలో, ఇంకో ఏడాది వేరే ఊళ్ళో జరిగేది. ఆ ఏడు హైదరాబాద్ వంతు. బాపట్ల పిన్నికి అక్కడ మేనమామ ఇల్లుంది, నలుగురం వెళ్దామని ఉత్తరం రాసింది. నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది, డబ్బులకి లోటు లేదు. మీ తాతయ్య ఒప్పుకోలేదు. "పెళ్ళి కావలసిన పిల్ల, ఊరు మీద పడి సినిమాలేంటి, ఎవరైనా వింటే ఏమనుకుంటారు" అన్నారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మా అమ్మ కంచం తెచ్చి మంచం పక్కన పెట్టింది, పొద్దున దాకా అలాగే ఉంది. ఇన్నేళ్ళూ అది గుర్తుందే నాకు, బుజ్జీ. అంత గుర్తుండి కూడా, ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే మాట నీతో అన్నాను. మా నాన్న వాడిన మాటే, అక్షరం మారకుండా. అన్నప్పుడు కూడా నాకు గుర్తు రాలేదు. ఆ ఆటో ఎక్కాక గుర్తొచ్చింది.

నాకు భయం వేసింది, అది నిజం. ఇప్పుడైనా వేస్తుంది. కానీ ఆ రోజు నీతో కూర్చుని ఎక్కడ ఉంటారు, ఎలా వెళ్తారు, ఎవరెవరు అని అడిగి ఉండాల్సింది. ఒక్కటీ అడక్కుండా వద్దన్నాను. అది నా తప్పు. నిన్ను బాధపెట్టాను తల్లీ. నన్ను క్షమించు.

నీకు ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో కూడా నాకు తెలుసు. 2007లో హైదరాబాద్ పిన్ని నిన్ను బాలల చిత్రోత్సవానికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక నెల రోజులు ఏదో దేశం పిల్లాడి కథ రోజూ చెప్పావు, అన్నం కలుపుతూ విన్నాను. అలాంటి పిల్లని గోవా వెళ్ళనివ్వకపోవడం ఎంత పెద్ద మాటో నాకప్పుడు తట్టలేదు.

ఈసారి తిరువనంతపురంలో పాయల్ కపాడియాకి 'స్పిరిట్ ఆఫ్ సినిమా' అవార్డు ఇచ్చారు. ముంబైలో పనిచేసే మలయాళీ నర్సుల కథ తీసి, మొన్న మే నెలలో ఫ్రాన్స్‌లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్లో గ్రాండ్ ప్రి గెలుచుకున్న అమ్మాయి. అవార్డు ఇచ్చేనాటికి మేం ఇంటికి వచ్చేశాం. పేపర్లో ఫోటో చూసి, ఈ పిల్లని వాళ్ళమ్మ ఎన్ని రాత్రులు ఎదురుచూసిందో అనుకున్నాను. ఎదురుచూసినా వెళ్ళనిచ్చింది కదా.

పిన్నులు అడిగారు కాబట్టి వెళ్తున్నానని నీతో చెప్పాను. అది పూర్తి నిజం కాదు. మొన్న జూలైలో అల్మరా సర్దుతుంటే నీ సర్టిఫికెట్ల ఫైల్లో ఒక కాగితం దొరికింది. గోవాలో ఏ రోజు ఏ సినిమానో ప్రింటు తీసుకున్న కాగితం. కొన్నింటి చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టావు. ఒక్కో సున్నా పక్కన మీ నలుగురి పేర్లలో మొదటి అక్షరాలు, ఎవరికి ఏది ఇష్టమో. ఒకే ఒక్క సినిమా దగ్గర నాలుగు అక్షరాలూ ఉన్నాయి, దాని కింద రెండు గీతలు గీశావు. ఆ కాగితం పట్టుకుని నేల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. అసలు అక్కడ ఏముంటుందో, నీకు ఏది కాకుండా చేశానో చూడాలనిపించింది. అప్పుడే పిన్నులకి ఫోన్ చేశాను.

ఆ కాగితం ఈ కవర్లో పెడుతున్నాను. మడత దగ్గర చిరిగింది, వెనక టేపు అంటించాను. గోవాలో మామూలుగా నవంబర్ 20కి మొదలవుతుంది, ఇంకా పదకొండు నెలల టైముంది. నీ ఫ్రెండ్స్ ముగ్గురికీ ఇప్పుడే చెప్పు, సెలవులు పెట్టుకుంటారు. వైజాగ్ అమ్మాయి బాబు చిన్నవాడని వెనకాడుతుందేమో. వాణ్ణి తెచ్చి నా దగ్గర వదిలెయ్యమను. తొమ్మిది రోజులేగా, నేనూ పొన్నూరు పిన్నీ చూసుకుంటాం. దాని ఫోన్ నంబర్ నాకు పంపు, నేనే మాట్లాడతాను.

రాత్రిళ్ళు ఫోన్ చేసి ఎక్కడున్నావని అడగను. పొద్దున లేచాక ఏ సినిమా చూశారో చెప్పు, దాని గురించి వాళ్ళు ముగ్గురూ ఏమన్నారో కూడా చెప్పు.

ప్రేమతో,
అమ్మ