తెమడలో టీబీ లేదని వస్తే, ఇంకేముందో చూడండి

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాలకు మించి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించుకోవాలని మీ పత్రిక తరచూ చెబుతోంది. మంచిదే. తెమడ స్లైడ్లు చూస్తూనే ఉద్యోగమంతా గడిపి రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్‌ని. దానికి ఒక మాట కలపాలనిపించింది.

మా పై వాటాలో ఉండే మణిపూర్ అబ్బాయి ఇక్కడే హోటల్లో వంట చేస్తాడు. నెలల తరబడి దగ్గు, తుప్పు రంగు తెమడ. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో టీబీ పరీక్ష నెగెటివ్ వచ్చినా, ఎక్స్‌రే చూసి టీబీ మందులే మొదలుపెట్టారు. ఏం తింటావని ఎవరూ అడగలేదు. ఊరికి వెళ్తే వాగు ఎండ్రకాయలను పచ్చిగానే నూరుకుని తింటాడట. వేరేచోట మామూలు స్లైడు చూపిస్తే పారగోనిమస్ గుడ్లు కనిపించాయి. అది ఊపిరితిత్తుల్లో ఉండే పురుగు.

దాని పిల్ల ఎండ్రకాయ ఒంట్లో గూడు కట్టుకుని ఉంటుంది. మన చిన్నపేగులోకి రాగానే బయటపడి, సిస్టీన్ ప్రోటియేజ్ అనే ఎంజైములు వదులుతుంది. మాంసకృత్తులను కరిగించే ఎంజైములవి. వాటి సాయంతోనే పేగు గోడను దాటి, పొట్టకూ ఛాతీకీ మధ్య అడ్డుగోడలా ఉండే డయాఫ్రంను తొలుచుకుని ఊపిరితిత్తికి చేరుతుంది. ఒంటిని కాపాడే యాంటీబాడీలను సైతం ఆ ఎంజైములు తుంచేస్తాయి. అయినా ఆ ఎంజైములకు ఎదురుగా రక్తంలో యాంటీబాడీలు తయారవుతూనే ఉంటాయి. వాటిని పట్టే ఎలీసా పరీక్ష మన నగరంలో సులువుగా దొరికేలా చూడాలి.

అంతకంటే ముందు చేయగలిగిన పని ఒకటుంది. సీబీనాట్ యంత్రం టీబీ క్రిమినే వెతుకుతుంది. టీబీ స్లైడుకు వేసే రంగులు, ఆమ్లం ఈ గుడ్లను పాడుచేస్తాయి. రంగు వేయకముందే ఒక చుక్క తెమడ మీద కవర్ స్లిప్ పెట్టి తక్కువ పవర్‌లో చూస్తే చాలు. పసుపు కలిసిన గోధుమ రంగు గుడ్డు, ఒక కొసన చిన్న మూత. ఒక్కసారి చూసినవారు మరిచిపోరు. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టిన రొనాల్డ్ రాస్‌కు గురువైన పాట్రిక్ మాన్సన్, 1880లో చైనాలో ఒక రోగి తెమడలో ఈ గుడ్లను మైక్రోస్కోప్‌తోనే చూశారు.

ఆ మణిపూర్ అబ్బాయికి ప్రాజిక్వాంటెల్ మాత్రలు మూడు రోజులు వాడితే సరిపోయింది. టీబీ మందులైతే కనీసం ఆరు నెలలు మింగాల్సి వచ్చేది. బాగా ఉడికిన ఎండ్రకాయల పులుసుతో ఏ భయమూ లేదు, ఎవరూ కంగారుపడక్కర్లేదు.

టీబీ నెగెటివ్ వచ్చినా దగ్గు తగ్గనివారిని, సీబీపీ రక్త పరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరిగినవారిని 'పచ్చి పీతలు, రొయ్యలు తిన్నారా?' అని అడగమని, ఆ తెమడను రంగు లేకుండా ఒకసారి చూడమని వైద్య ఆరోగ్య శాఖ అన్ని ల్యాబులకు చెప్పాలని కోరుతున్నాను.

— విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, చిలకలగూడ, హైదరాబాద్